పొద్దుటి దీపం: పావురం దగ్గర ఆగిపోయినాను

 

ఈసారి రాయడం ఆలస్యమైంది. పత్రిక వాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు. రెండోసారి, "అమ్మా, మీ పేజీలో ఈ నెల వంటల సంగతి వేసుకునేదా?" అని మర్యాదగానే అడిగారు. వంటలు వద్దు, రాస్తానని చెప్పి కూర్చున్నాను. రాయడానికి విషయం లేక కాదు. విషయం మా ఇంట్లోనే జరుగుతుంటే, దాన్ని బయట పెట్టేదా వద్దా అని పదిరోజులు గుంజాటన పడ్డాను.

మీకు గుర్తుంటుంది, పోయిన అక్టోబరు నుంచి అవధూత చెప్పిన ఇరవై నలుగురు గురువుల్ని నెలకొకరిగా చెప్పుకుంటున్నాం. భాగవతం పదకొండో స్కంధంలో యదు మహారాజు ఒక అవధూతను చూసి, చేతిలో ఏమీ లేకపోయినా ఇంత సంతోషంగా ఎట్లా ఉన్నావయ్యా అని అడిగితే, ఆయన తన గురువుల లెక్క చెప్తాడు. ఆయన దత్తాత్రేయుడేనని మన పెద్దల నమ్మకం. అక్టోబరులో భూమి, తర్వాత గాలి, ఆకాశం. జనవరిలో నీళ్ళ గురించి రాశాను. మునియైనవాడు నీళ్ళలాగా తేటగా ఉండాల, తాకినవాళ్ళను శుద్ధి చేయాల అని. అది చదివి మా ఆయన పత్రిక మడిచి పక్కన పెట్టి, "ఏ నీళ్ళే అవి? మన చెరువు నీళ్ళేనా?" అన్నాడు. నాకు కోపమొచ్చింది. ఫిబ్రవరిలో నిప్పు వంతు. నిప్పు ఏది వేసినా తింటుంది, దానికి ఏ మైలా అంటదు అని రాశాను. ఆ నెల 16వ తేదీ సాయంత్రం మా బెళ్ళందూరు చెరువు అంటుకుంది. అంతటితో మా ఆయనకు ఇంక చెప్పే పని లేకపోయింది, నా మొగం చూసి ఊరుకున్నాడు.

దూరంగా ఉండే వాళ్ళకోసం చెప్తాను. మా చెరువు బెంగుళూరులోకెల్లా పెద్దది, తొమ్మిదివందల ఎకరాల దాకా ఉంటుంది. ఇక్కడ నిండి పారితే వర్తూరు చెరువుకు పోతాయి, అక్కడినుంచి దక్షిణ పినాకినిలో కలిసి తమిళనాడు దాటి సముద్రానికి. మేము ఈ ఊరికి వచ్చిన కొత్తలో ముసలోళ్ళు చెప్పేవాళ్ళు, ఈ నీళ్ళే తాగినామని, ఈ నీళ్ళతోనే వరి పండించినామని. 2017 నాటికి నగరం మురుగులో పెద్ద వంతు దీంట్లోకే దిగేది. వాన పడి నీళ్ళు దూకినప్పుడు యమలూరు వంతెన దగ్గర తెల్లని నురుగు మనిషెత్తు లేచి, గాలికి రోడ్డు మీద పోయేవాళ్ళ మీద పడేది. 2015 మే నెలలో ఆ నురుగే మండింది. ఈసారి చెరువులోని గడ్డీ చెత్తా అంటుకుని సర్జాపుర రోడ్డు దాకా పొగ కమ్మింది. ఆ రాత్రి మా గంగ మేత ముట్టలేదు. కరియ కొట్టం లోపల నుంచి బయటికి రాలేదు.

గంగ మా ఆవు. కరియ మా కుక్క. ఈ నెల కథ వీళ్ళదే.

మిల్లు మూసినాక, చెప్పులరిగేలా తిరిగి తెచ్చుకున్న సెటిల్‌మెంటు డబ్బుతో మేము ఇక్కడ ఒక సైటు తీసుకున్నాము. అప్పటికి ఇది పల్లెటూరే. 2007లో గదా పంచాయతీ పోయి మహానగరపాలికలో కలిసింది. కింద మేము, ముందరవైపు కొట్టం, పైన రేకుల గది ఒకటి బాడుగకు. మా ఆయన ముప్పై ఏళ్ళు స్పిన్నింగులో మేస్త్రి, నేను రీలింగులో చిలపలు చుట్టేదాన్ని. చేతిలో పని లేని మగాడు ఇంట్లో కూర్చుంటే ఎట్లుంటుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఒక ఆవును కొనుక్కొచ్చి కట్టేసినాక మనిషి కొంచెం నిమ్మళించినాడు. ఇప్పుడున్న గంగ ఆ మొదటి ఆవుకు మనవరాలు.

కరియను ఎవరూ కొనలేదు, ఎవరూ తేలేదు. నాలుగేళ్ళ కింద ఒక వానలో గంగ గాడి కింద దూరింది, అంతే. రాత్రిళ్ళు గంగ కడుపుకు వీపానించి పడుకుంటుంది. నేను నాలుగు గంటలకు దీపం పెట్టేదానికి లేస్తే అదీ లేచి గడప బయట కూర్చుంటుంది. మిల్లు మూసి ఇన్నేళ్ళయినా మొదటి పాళీకి కూత కూసే వేళకు నాకు మెలకువ వచ్చేస్తుంది. దీపం, నూటెనిమిది నామం, తర్వాత పాలు పితకడం. ఇదే నా దినచర్య. నామం లెక్క తప్పితే కరియ చెవి కదిలిస్తుందని మా ఆయనతో అంటే, "దానికే మంత్రోపదేశం చేయించు" అంటాడు.

ఇంక ఈ ఏటి వసంతం సంగతి. 2016 ఏప్రిల్ 24న బెంగుళూరులో 39.2 డిగ్రీలు కాసింది, ఈ ఊరి లెక్కల్లో అంత ఎండ ఎప్పుడూ లేదంట. 2017లో హేవళంబి ఉగాది మార్చి 29న వచ్చింది. వేపపూత బాగుంది, పచ్చడిలోకి మామిడి పిందె మాత్రం మూడు అంగళ్ళు తిరిగితే గాని దొరకలేదు. పొద్దున పూట కప్పుకోవాలనిపించే చలిగాలి, పదకొండు దాటితే నెత్తి మాడే ఎండ, సాయంత్రానికి తూరుపున మబ్బు పుట్టి, ఊరించి, హొసకోట వైపు జరిగిపోవడం. నెలంతా ఇదే వరస. కానుగ చెట్ల కింద పూలు పొట్టు పోసినట్టు రాలాయి. మామిడి జల్లులని ఇక్కడివాళ్ళు అనే వాన ఈసారి రెండు చుక్కలు రాల్చి పోయింది. పోయిన నెల సూర్యుడి గురించి రాస్తూ, నీళ్ళు తీసుకుంటాడు, కాలానికి తిరిగి ఇచ్చేస్తాడు అని పెద్దగా చెప్పినాను. తీసుకునేది కనపడుతోంది గాని ఇచ్చేది కనపడలేదు.

వాన లేకపోతే మేత లేదు. పోయినేడు వానలు ఎగ్గొట్టినందుకు రాగిగడ్డి ధర మా చేతికి అందలేదు. అందుకని మూడు నెలలుగా నేనూ, మా వీధిలో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళూ, పొద్దున ఏడింటికి కొడవలి, గోనెపట్టా తీసుకుని చెరువు కట్ట కిందికి పోయేవాళ్ళం. చెరువు అంచున గడ్డి మాత్రం నడుమెత్తు, ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. ఎండాకాలం అని దానికి తెలీదు. ఒక మోపు కోసుకొస్తే గంగకు ఆ పూట గడిచిపోతుంది. కరియ నా వెంట వచ్చేది. కట్ట మీదే కూర్చునేది, ఎంత పిలిచినా కిందికి దిగేది కాదు. ఎంత దాహమేసినా ఆ నీళ్ళు ముట్టేది కాదు. ఇంటికొచ్చి తొట్టిలో బోరునీళ్ళు తాగేది. అది చూసినా నాకు బుద్ధి రాలేదంటే ఏమనుకోవాలి.

ఏప్రిల్ మొదటి వారంలో ఒకరోజు కాలేజీ పిల్లలు నలుగురు సీసాలు పట్టుకుని చెరువు నీళ్ళు నింపుకుంటూ కనిపించారు. ఒక అమ్మాయి దగ్గరికొచ్చి, "అజ్జీ, ఈ హుల్లు యాతక్కె?" అని అడిగింది. ఆవుకమ్మా అన్నాను. పాలు ఇస్తుందా అంది. ఇస్తుంది అన్నాను. ఆ పిల్ల వెంటనే ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, కించపరచకుండా, కూర్చుని చెప్పింది. మురుగునీళ్ళలో సీసం, కాడ్మియం లాంటివి ఉంటాయని, గడ్డి వాటిని వేళ్ళతో పీల్చుకుంటుందని, మేసిన గొడ్డు ఒంట్లో చేరి కొంత పాలల్లోకీ దిగుతుందని. పెద్దవాళ్ళకన్నా పసిపిల్లలకు సీసం ఎక్కువ చెడుపు చేస్తుందని, అది మెదడు మీద పని చేస్తుందని. కాచితే పోదా అని అడిగాను. కాచితే క్రిములు చస్తాయి అజ్జీ, లోహం చావదు అంది.

నేను గోనెపట్టా దులిపేసి, కోసిన మోపు అక్కడే వదిలేసి వచ్చి ఉంటానని మీరు అనుకుంటారేమో. లేదు. ఎత్తుకునే వచ్చాను. గంగకు వేశాను. ఆ సాయంత్రం పాలు కూడా పోశాను. అట్లా తొమ్మిది రోజులు.

ఇది రాయడానికే నాకు ఆలస్యమైంది.

మా పాలు ఎవరికి పోస్తామో చెప్తాను. గంగ రెండు పూటలా కలిపి ఐదు లీటర్లిస్తుంది. ఇంటికి ఒకటి. టీ అంగడికి రెండు. ఎదురింటికి ఒకటిన్నర. పైగదిలో ఉండే అమ్మాయికి అర లీటరు. ఆ అమ్మాయిది మదనపల్లె వైపు. బొమ్మనహళ్ళిలో గార్మెంట్స్‌లో టైలరు. 2016 ఏప్రిల్లో, పి.ఎఫ్.లో యజమాని వాటా యాభై ఎనిమిదేళ్ళ దాకా తీసుకోకూడదని కొత్త నిబంధన పెడితే, హొసూరు రోడ్డు మీదికి వచ్చిన వేలమంది ఆడవాళ్ళలో ఈమె కూడా ఉంది. రెండు రోజులకే ఢిల్లీ వాళ్ళు ఆ నిబంధన వెనక్కి తీసుకున్నారు. ఆ రాత్రి కాలికి దెబ్బతో కుంటుకుంటూ ఇంటికొచ్చి, "గెలిచినాం పెద్దమ్మా" అని గట్టిగా నవ్వింది. అంత ధైర్యం కలది. ఆమెకు రెండేళ్ళ బుడ్డోడు. పగలంతా నా దగ్గరే ఉంటాడు. గంగ తోక పట్టుకుని నడక నేర్చినాడు. తాగేది గంగ పాలే.

లెక్క చూడండి. లీటరు నలభై. నాలుగు లీటర్లకు రోజుకు నూటయాభై, నూటఅరవై. తవుడు, బూసా, చెనక్కాయ చెక్కకు ఎనభై పోతే, చేతికి ఎనభై మిగులుతుంది. చెరువు గడ్డి మానేసి రాగిగడ్డి కొంటే రోజుకు ఇంకో నూటపది. అంటే ముప్పై నా కొంగు నుంచి పోవాల. ఆ ముప్పై రూపాయలు నాకు తొమ్మిది రోజులు అడ్డం పడ్డాయి. పొద్దున నాలుగింటికి దీపం పెట్టి కూర్చుంటే, నామానికి బదులు లెక్కే తిరిగేది నోట్లో.

చైత్ర పున్నమికి కరగ చూసేదానికి తిగళరపేటకు పోయినాము. జనంలో నిలబడి ఉంటే ఎందుకో మా అమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా అమ్మ నన్ను కైవారం తీసుకుపోయింది. కైవారం తాతయ్య, నారేయణ యోగి, మన తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పిన మహానుభావుడు. 1726లో పుట్టి 1836 దాకా బతికినారని చెప్తారు. ఆయన యోగి కాకముందు మలారం భుజానేసుకుని పల్లెపల్లెకూ తిరిగి గాజులమ్మినాడు. ఆ జనంలో నిలబడి నాకొక పిచ్చి ప్రశ్న పుట్టింది. ఆయన ఎప్పుడైనా చీలిక పడిన గాజు తెలిసి తెలిసి ఎవరి చేతికైనా తొడిగుంటాడా? ఆ రోజు బేరం లేకపోయినా, ఇంట్లో గింజ లేకపోయినా? దీనికి జవాబు ఏ పుస్తకంలోనూ వెతకాల్సిన పని లేదు. చీలిక గాజు చేతిని కోస్తుంది.

పొద్దున్నే టీ అంగడికి, ఎదురింటికి చెప్పేశాను. టీ అంగడాయన నవ్వి, "కాచితే అన్నీ పోతాయిలేమ్మా, నువ్వు పొయ్యి" అన్నాడు. ఎదురింటావిడ గిన్నె వెనక్కి తీసుకుని తలుపు వేసుకుంది. పైగది మెట్లెక్కడానికి మాత్రం కాళ్ళు రాలేదు. సాయంత్రం ఆ అమ్మాయే కిందికొచ్చింది బిడ్డను ఎత్తుకోవడానికి. చెప్పాను. ఎప్పటినుంచి, ఎట్లా, అన్నీ. తొమ్మిది రోజులు తెలిసీ పోసినానని కూడా.

"ఇన్నాళ్ళూ మా బుడ్డోడు తాగింది ఆ పాలేనా పెద్దమ్మా?"

"అవునమ్మా. నేనూ అవే తాగినా."

"మీరు పెద్దోళ్ళు గదా."

అంతే అనింది. బిడ్డను ఎత్తుకుని పైకి పోయింది. తెల్లారి గడప మీద నాలుగువందల ఇరవై రూపాయలు పెట్టి, మీద చిన్న రాయి ఉంచి పోయింది. ఇరవై ఒక్క రోజుల పాల బాకీ. ఒక్క పైసా తగ్గించలేదు. ఆ రోజు నుంచి బుడ్డోణ్ణి ఫ్యాక్టరీలో పిల్లలను పెట్టుకునే గదికి తీసుకుపోవడం మొదలుపెట్టింది. ఆదివారం ఆసుపత్రిలో చూపించుకొచ్చింది. బరువూ ఎత్తూ బాగానే ఉన్నాయని డాక్టరమ్మ చెప్పిందని ఎదురింటివాళ్ళ ద్వారా తెలిసింది. నాకు నేరుగా చెప్పలేదు. చెప్పాలని నేను అడగలేను కూడా.

మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు, "ఊరంతా కోసుకుంటాండారు, నీకొక్కదానికే వచ్చిందా పుణ్యం?" అన్నాడు. నిజమే, ఊరంతా కోసుకుంటున్నారు. వేరే దారి లేక కోసుకుంటున్నారు. వాళ్ళను తప్పు పట్టే నోరు నాకు లేదు. నేనే మూడు నెలలు కోసుకున్నాను.

ఇదే వారంలో, ఏప్రిల్ 19న, ఢిల్లీలో హరిత ట్రిబ్యునల్ చెరువు చుట్టూ ఉన్న పరిశ్రమలు మూసేయమని ఆదేశం ఇచ్చింది. చెత్త పోస్తే 5 లక్షలు జరిమానా అంది. మా వీధిలో అందరూ మంచిపని అన్నారు. నాకు మంచిదే అనిపించింది. అయినా 'మూసేయడం' అన్న మాట వింటే మిల్లోళ్ళకు కడుపులో ఏదో మెలి తిరుగుతుంది కదా. ఆ గేటు బయట రేపు పొద్దున టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడేవాళ్ళు ఎవరో మనకు తెలుసు. పైగా చెరువులోకి దిగే మురుగులో ఎక్కువ భాగం ఇళ్ళదే. ఆ నురుగులో నేను బట్టలుతికే సబ్బు పొడి కూడా ఉంది. ఇళ్ళకు తాళం వేయమని ఏ కోర్టు చెప్తుంది?

గంగను ఏం చేయాల? లేపాక్షి పక్కన పల్లెలో మా తమ్ముడున్నాడు. ఫోన్ చేస్తే, "అక్కా, ఈడ నా ఎద్దులకే లేదు. పోయిన కారులో చెనక్కాయ కాయా లేదు, కట్టే లేదు. యాడ తెచ్చి పెట్టేది?" అన్నాడు. ఉమ్మడి అనంతపురం జిల్లా సంగతి మనకు కొత్తా? కొంగు నుంచి రోజుకు ముప్పై తీసి కొన్నాళ్ళు నడిపాను. టీ అంగడాయనకు పోయనన్నాను కాబట్టి నిజానికి పోయేది ముప్పై కాదు, మొత్తం నూటతొంభై. పాలు పితికి, మాకు ప్రాణం ఒప్పక, నేలపాలు చేసినాము. పదిహేనేళ్ళ పాలపనిలో పాలు కాలవలో పోసింది అదే మొదలు. కరియ వచ్చి వాసన చూసి, నా మొగం చూసి పోయింది.

భరణి కార్తె పెట్టిన రెండోరోజు. భరణి కురిస్తే ధరణి పండుతుందని సామెత. మధ్యాహ్నం వరకూ గాలి ఆడలేదు. ఐదింటికి ఆకాశం కంచు రంగుకు తిరిగింది. ముందు దుమ్ము లేచింది, తర్వాత పెద్ద చినుకులు, వెంటనే రేకుల మీద రాళ్ళు విసిరినట్టు చప్పుడు. వడగళ్ళు. గోలీకాయంతవి. మా ఆయన గుడి దగ్గర ఉన్నాడు. మొదటి ఉరుముకే కరియ తలుగు తెంపుకున్నట్టు గోడ దూకి పారిపోయింది. పక్కింటి కొబ్బరిమట్ట విరిగి కొట్టం రేకు మీద పడింది, రేకు రెండుగా పగిలింది. ఆ చప్పుడుకు గంగ బెదిరి గిరగిరా తిరిగి, పలుపు కాలికి చుట్టుకుని కూలబడింది. మెడ బిగుసుకుంటోంది. నేను లాగుతున్నాను, ముడి తడిసి ఇనుములాగా అయింది. రీలింగులో రోజుకు ఎన్ని వందల పోగులు ముడేసి విప్పిన వేళ్ళో ఇవి, ఆ ఒక్క ముడి రాలేదు. మోకాలు సహకరించలేదు. అరిచాను, వడగళ్ళ హోరులో నా అరుపు నాకే వినపడలేదు.

గేటు తోసుకుని ఆ అమ్మాయి వచ్చింది. బస్సు దిగి పరుగెత్తి వచ్చినట్టుంది, చీర కొంగంతా బిడ్డకు చుట్టి, నెత్తి మీద టిఫిన్ సంచీ పెట్టుకుని. ఒక్క క్షణం నిలబడి చూసింది.

"పట్టుకో పెద్దమ్మా" అని బుడ్డోణ్ణి నా చేతికిచ్చింది. సంచీలోంచి దారాలు కత్తిరించే చిన్న కత్తెర తీసింది. పలుపు ఒక్కొక్క పురీ తెంపింది. గంగ విదిలించుకుని లేచేటప్పుడు ఆమె భుజానికి కొమ్ము గీరుకుంది కూడా. బుడ్డోడు నా మెడ గట్టిగా పట్టుకుని, నేల మీద తెల్లగా ఉన్న వడగళ్ళు చూసి "అప్పచ్చి, అప్పచ్చి" అంటున్నాడు.

తర్వాత మేమిద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఆమె గాయానికి పసుపు పెట్టాను. కాఫీ కావాలా అంటే, "నల్లకాఫీ ఇవ్వు" అంది.

కరియ ఆ రాత్రి రాలేదు. మా ఆయన టార్చి పట్టుకుని రింగు రోడ్డు దాకా పోయి వెతికినాడు. మాట్లాడకపోయినా వెతికేదానికి పోయినాడు చూడండి, అది ఆయన స్వభావం. పొద్దున నాలుగింటికి నేను దీపం పెడుతుంటే గడప బయట తడి కాళ్ళ చప్పుడు. ఒళ్ళంతా బురద, కాళ్ళకు ఎండిన నురుగు. వచ్చి తన చోట కూర్చుంది. ఆ రోజు నామం ఎన్ని అన్నానో లెక్క పెట్టలేదు.

ఏడింటికి తమ్ముడు ఫోన్. "అక్కా, ఈడా పడింది. మంచి పదును. ఇంకో వాన పడితే గరిక లేస్తాది. వారం లోపల తోలియ్యి గంగను, చూసుకుంటా." పశువుల డాక్టరు దగ్గర చీటీ రాయించుకున్నాము, ఈ రోజుల్లో దారిలో ఎవరు ఆపి ఏమడుగుతారో తెలీదు కాబట్టి. చిన్న లగేజీ ఆటో మూడువేల ఐదువందలకు మాట్లాడుకున్నాము. కొన్నాళ్ళ దాకా పాలు అమ్మొద్దని, పసిబిడ్డలకు అసలే వద్దని తమ్ముడికి రెండుసార్లు చెప్పినాను. "సరే లేక్కా, విన్నా" అని విసుక్కున్నాడు.

మే 3న గంగను ఎక్కించినాము. ఎక్కదని అనుకున్నాను, ఎక్కింది. మా ఆయన పక్కనే కూర్చుని పోయినాడు. కరియ బండి వెనక పరుగెత్తింది. మా వీధి, పెద్ద వీధి, రింగు రోడ్డు సిగ్నలు దాకా. అక్కడ బండ్లలో దారి దొరక్క నిలబడిపోయిందని పూలమ్మే ఆవిడ చెప్పింది. చీకటి పడినాక వచ్చింది. ఖాళీ కొట్టంలోకి పోయి, గంగ పడుకునే చోట కాకుండా, తను రోజూ పడుకునే చోటే, వీపు గాలికి ఆనించి పడుకుంది.

ఇప్పుడు ఎనిమిదో గురువు దగ్గరికొస్తాను. ఈ నెల పావురం వంతు. ఒక చెట్టు మీద జంట పావురాలు పిల్లలతో కాపురముంటాయి. మేతకు పోయి వచ్చేసరికి వేటగాడి వలలో పిల్లలు చిక్కుకుని కూస్తుంటాయి. తల్లి చూడలేక తెలిసి తెలిసి వలలో పడుతుంది. తండ్రి కాసేపు ఏడ్చి తనూ పడతాడు. వేటగాడు అందరినీ పట్టుకుపోతాడు. అతిగా మమకారం పెట్టుకుంటే ఇట్లా అవుతుందని అవధూత దాన్నుంచి నేర్చుకున్నాడంట.

నలభై ఏళ్ళుగా ఈ కథ వింటున్నాను. ఇంతకు ముందు తలూపేదాన్ని. ఈ నెల మాత్రం నాకు అవధూతతో పేచీ వచ్చింది. స్వామీ, ఆ పావురం పడిపోయింది సరే, మీరు చెప్పింది సరే. కానీ వలను అక్కడ పరిచినవాడి సంగతి మీరు అసలు ఎత్తలేదేం? ఇంకోటి. నాకు గంగ మీద ఉన్న మమకారమే ఆ తొమ్మిది రోజులు నా నోరు కట్టేసింది, అది మీ మాటకే సాక్ష్యం, ఒప్పుకుంటాను. ఆ అమ్మాయి వడగళ్ళలో బిడ్డను నా చేతికిచ్చి కత్తెర తీసింది చూడండి, దాన్ని ఏ లెక్కలో వేస్తారు? అదీ వలేనా? చదువుకున్న అన్నలు ఎవరైనా దీనికి జవాబు రాస్తే చదువుకుంటాను. నాకు మాత్రం దొరకలేదు, అందుకే పావురం దగ్గర ఆగిపోయినాను.

బుడ్డోడు నిన్నటి నుంచి మళ్ళీ పగలు నా దగ్గరే ఉంటున్నాడు. ప్యాకెట్ పాలు తాగుతున్నాడు. కొట్టంలోకి పోయి "గంగా" అని పిలుస్తాడు, కరియ తోకూపుతుంది. నాలుగువందల ఇరవై రూపాయలు ఇంకా రాయి కిందే ఉన్నాయి. ఆమె తీసుకోదు, నేను తీసుకోను. దుమ్ము పట్టకుండా రోజూ తుడిచి పెడుతున్నాను.

పగిలిన రేకు మార్చడానికి మా ఆయన ఊరినుంచి రావాల. రోహిణి ఎండలు ఇంకా ముందున్నాయి, అందరూ జాగ్రత్త. వచ్చే నెల తొమ్మిదో గురువు, కొండచిలువ.